మాడిన రొట్టె

కుతాయిసిలో మా వీధి ఎగుడు.
ఇయా నడకబండి చక్రాలు రాళ్ల మీద గటగటమంటూ
మలుపులోనే వినిపిస్తాయి నాకు.
అప్పటికి నేను నడుము దాకా తోనెలోకి వంగి
కాలే మట్టిగోడకి పిండి అతికిస్తుంటాను.
రెండు కొనలూ సాగదీసిన పడవ రొట్టె.
ముప్పై ఏళ్లుగా ఇదే వంగడం.

తొమ్మిదేళ్ల పిల్ల.
ఇయా అంటే మా దగ్గర ఒక ఊదారంగు పువ్వు.
పెదవులు కలపక్కర్లేదు, నాలుక మెలిపెట్టక్కర్లేదు,
నోరు తెరిస్తే చాలు ఆ పేరు వచ్చేస్తుంది.
ముందే తెలిసి పెట్టావా అని అడిగానోసారి
వాళ్లమ్మ మక్వలని.
"మార్చిలో పుట్టింది. అప్పుడు పూసేది అదే" అంది.

మిగతా మా మాటలు అంత దయగలవి కావు.
అయిదారు హల్లులు ఒకదాని మీద ఒకటెక్కి కూర్చుంటాయి,
సాయంత్రం బస్సులో జనంలా.
నడుమ ఒక్క అచ్చు కోసం వెతుక్కోవాలి.
ఇయా వెతుక్కుంటుంది.
మాట బయల్దేరేసరికి మెడ ఒక పక్కకి లాగుతుంది,
ఎడమ చెయ్యి, పిలవకుండానే, పైకి లేస్తుంది,
దవడ తనకి తోచిన చోట ఆగుతుంది.
ఊపిరి సగంలోనే అయిపోతుంది.
ఆ పిల్లకి ఏం చెప్పాలో తెలియక కాదు.
తెలుసు. నాకంటే ముందే తెలుసు.

దారెజాన్ అని, వారానికి రెండుసార్లు నేర్పే ఆవిడ,
మాకందరికీ చెప్పి వెళ్లింది:
ఒక్కో ఊపిరికి రెండే మాటలు.
వాక్యం మీరు పూర్తి చెయ్యకండి.
అర్థం కాకపోతే అయినట్టు తలూపకండి.

నేను తలూపేవాణ్ణి.

ఆ రోజు వాన. నాకు జలుబు, ముక్కు దిబ్బడ.
రేడియోలో బంతాట.
గుమ్మం దాకా వరస, తడిసిన కోట్లు, సిగరెట్ల పొగ.
మక్వల బయట గొడుగు కింద నిలబడింది,
కూతురి బదులు తను మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది కాబట్టి.
ఇయా బల్ల పట్టుకుని "ఇ" అంది.
"నీ పేరు నాకు తెలుసులే తల్లీ, ఒకటా రెండా?"
"ఇ... వీ..."
"రెండా?"
తల అడ్డంగా ఊపింది. చెయ్యి లేచింది.
వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.
ఇంకెవరో "పాపం" అన్నారు, వినబడేట్టుగానే.
రెండు రొట్టెలు కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టాను.
మోచేత్తో వాటిని నా వైపుకి నెట్టేసింది.

నెట్టేసి, కళ్లు మూసుకుంది.
ఊపిరి తీసుకుంది. ఆగింది.
వదులుతూ, ఆ వదిలే గాలి మీద
ఒక్కో అక్షరాన్ని చెయ్యి పట్టుకుని దాటించింది.

మా భాషలో "మాడుతోంది" కూడా
ఇ తోనే మొదలవుతుంది.

తోనె లోపల పదకొండు పడవలు బొగ్గయ్యాయి.
కొక్కెంతో లాగుతుంటే ఒకటి నిప్పుల్లో పడిపోయింది కూడా.
వరసలో అందరికీ ముక్కులున్నాయి, నోళ్లున్నాయి,
గలగలా మాటలున్నాయి.
చెప్పింది ఒక్కతే.
నాలుగుసార్లు చెప్పింది.

మర్నాటి నుంచి, చక్రాల చప్పుడు వినగానే
రేడియో కట్టేస్తున్నాను.
మహా మారిపోయానని కాదు, ఇప్పటికీ పదింట్లో నాలుగు
నాకు అందవు. "మళ్లీ చెప్పు" అంటాను.
విసుక్కుంటుంది. చెబుతుంది.
ఒక్కోసారి "పోనీ" అన్నట్టు మొహం పెట్టి
వేలితో చూపిస్తుంది. అది నా ఓటమే, తనది కాదు.

నిన్న అడుగు కొంచెం నల్లబడ్డ రొట్టె ఒకటి
విడిగా పెట్టాను, నేనే తిందామని.
దాన్ని చూసింది. నన్ను చూసింది.
ఒక ఊపిరికి ఒక మాట: "సగం."
రెండో ఊపిరికి: "ధర."

గాజు పలక మీద వానచుక్కంత స్పష్టంగా వినిపించింది.
అయినా చెవికి చెయ్యి అడ్డం పెట్టి
ఏమిటీ, ఏమన్నావూ అన్నాను.

గుమ్మం దగ్గర మక్వల నవ్వు ఆపుకోలేకపోతోంది.
ఇయా మళ్లీ ఊపిరి తీసుకుంటోంది,
ఈసారి పావు అంటుందేమో.